వగరు తగ్గని బీరు

శాన్ రామన్‌లో ఉండే మా స్నేహితుల అమ్మాయి నిత్యకి మొన్న ఒక బీరు కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఫుడ్ సైన్స్ చదివింది. వాళ్ల అమ్మానాన్నలు ఆ వార్త నలుగురికీ చెప్పుకోలేక, కడుపులో దాచుకోలేక, చివరికి పిల్లని నా దగ్గరికి పంపారు. మా వంటింట్లో స్టూలు మీద కూర్చుని అది మొదట అడిగిన ప్రశ్న ఇది.

"ఆంటీ, మీరు అన్ని ఇయర్స్ రోజూ బీర్ తాగారా? లైక్, జాబ్ కోసం?"

"తాగలేదమ్మా, రుచి చూశాను."

"డిఫరెన్స్ ఏంటి?"

నవ్వేసి ఏదో చెప్పి పంపించాను కానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మూడు దశాబ్దాలు చేసిన పనికి ఒక్క ముక్కలో జవాబు రాకపోతే ఎలా? అందుకే ఇది రాస్తున్నాను. నిత్యకీ, నిత్యలాగా ఈ పనిలోకి వచ్చే మిగతా పిల్లలకీ. ఏ ఏడాది ఏ హోదా వచ్చిందో చెప్పను. అవి చదివి నేర్చుకునేదేమీ లేదు. నేను ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో చెబుతాను.

ముక్కుకి కాపలా

మాది తెనాలి. అక్కడ చదివిన చదువుకీ, ఇక్కడ చేసిన ఉద్యోగానికీ సంబంధం లేదు. పెళ్లయ్యాక మా ఆయన మురళితో ఫ్రీమాంట్ వచ్చాను. ఆయన రోజూ రైలెక్కి సాఫ్ట్‌వేర్ ఆఫీస్‌కి వెళ్లేవారు. నేను అరగంట దూరంలో ఉన్న ఒక బీరు ఫ్యాక్టరీలో నీళ్లు పరీక్ష చేసే చిన్న పనికి చేరాను. అక్కడ బీరు తయారీకి పెద్ద డేల్. నాకంటే మూడేళ్లే పెద్ద, కానీ ముప్ఫై ఏళ్లు పెద్దవాడిలా కసిరేవాడు. ఒక రోజు రుచి చూసేవాళ్లలో ఒకరు తక్కువైతే నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. ఆ కుర్చీ మళ్లీ వదల్లేదు.

పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. పొద్దున పదిన్నరకి ఆరేడుగురం ఒక గదిలో కూర్చుంటాం. రంగు కనపడకుండా నల్ల గ్లాసుల్లో రెండేసి గుక్కల బీరు, పైన మూత. మూత తీసి వాసన చూడాలి, ఒక గుక్క మింగాలి, తోచింది రాయాలి. ఎవరూ ఎవరి ముఖం చూడకూడదు. మేం సరేనంటే ఆ బ్యాచ్ ట్రక్కు ఎక్కుతుంది, లేకపోతే ఆగిపోతుంది.

కష్టమంతా ఆ పదిన్నరకి ముందు ఉంటుంది. సెంటు లేదు, పొద్దున కాఫీ లేదు, పౌడరు లేదు. చేరిన కొత్తలో డేల్ ముక్కు ఎగబీలుస్తూ గదంతా తిరిగి, నా స్వెటర్ దగ్గర ఆగి, "ఇదేం వాసన? నాకు చాలా నచ్చింది, రేపటి నుంచి వద్దు," అన్నాడు. అది ఇంగువ తాలింపు. అప్పటి నుంచి మా ఇంట్లో వారం మధ్యలో పొద్దున తాలింపు పెట్టడం మానేశాను. దేవుడికి అగరొత్తి కూడా సాయంత్రమే. దేవుడు ఏమీ అనుకోలేదు. మురళి మాత్రం చాలా అనుకున్నారు.

గుడిలో కలిసినవాళ్లు "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే "ఫుడ్ క్వాలిటీలో" అనేదాన్ని. అబద్ధం కాదు. కానీ పూర్తి నిజం చెప్పడానికి నాకు పదేళ్లు పట్టింది. నిత్యా, నువ్వు అంతకాలం ఆగకు. చెప్పేసెయ్. రెండు రోజులు మాట్లాడుకుంటారు, మూడో రోజు నిన్నే పిలిచి ఏ బీరు మంచిదని అడుగుతారు.

కమ్మగా ఉందన్నాను

నా మొదటి పెద్ద తప్పు మన తెలుగువాళ్లు మాత్రమే చేయగల తప్పు.

ఒక రోజు గ్లాసు మూత తీయగానే వెన్న కాచిన వాసన. ప్రాణం లేచి వచ్చింది. అంత మంచి బీరు అప్పటిదాకా తాగలేదనిపించింది. అన్నిటికంటే ఎక్కువ మార్కులు దానికే వేశాను. మిగతా వాళ్లందరూ దాన్ని కింద పడేశారు. పులియబెట్టే ఈస్ట్ తన పని పూర్తి చేయకముందే బీరుని తీసేస్తే ఆ వెన్న వాసన మిగిలిపోతుందట. అది పెద్ద దోషం. నెయ్యి లేనిదే ముద్ద దిగని ఇంట్లో పెరిగినదాన్ని, అది దోషమని నాకెలా తెలుస్తుంది?

డేల్ నా కాగితం పట్టుకుని వచ్చాడు. "నీకు నచ్చిందా లేదా అని నేను అడగలేదు. గ్లాసులో ఏముందని అడిగాను," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఇంటికి వెళ్లాక ఆలోచిస్తే అతను చెప్పింది సరిగ్గా తగిలింది. మన 'కమ్మగా' అనే మాటలో రుచి ఎలా ఉందో చెప్పడమూ ఉంది, మెచ్చుకోవడమూ ఉంది. రెండూ ఒకే మూటలో కట్టేశారు మన పెద్దవాళ్లు. విస్తరి ముందు కూర్చున్నప్పుడు అది బాగుంటుంది. ఉద్యోగంలో ఆ మూట విప్పాలి. ఏముందో ముందు రాయాలి, బాగుందో లేదో తర్వాత. తాగడానికీ రుచి చూడటానికీ తేడా ఇదే అనుకుంటాను, నిత్యా. ఇంకో తేడా కూడా ఉంది, దానికి వస్తాను.

వగరు అనే మాట

తప్పు చేయించిన భాషే తర్వాత నా పరువు నిలబెట్టింది. నల్ల బీరులో మాల్ట్‌ని, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, నల్లగా వేయిస్తారు. దానివల్ల నోట్లో రెండు వేర్వేరు సంగతులు జరుగుతాయి. ఒకటి చేదు. రెండోది నాలుకని, చిగుళ్లని పట్టి లాగేది. మావాళ్లందరూ రెండింటినీ చేదు అనే రాసేవారు. అందుకని ఏ బ్యాచ్‌లో ఏం సరిచేయాలో తేలేది కాదు. పుస్తకాల్లో దానికి ఇంగ్లీషు మాట ఉంది కానీ, పొడుగు మాట, ఎవరి నోటా పలకదు.

నేను ఫ్రీమాంట్ ఇండియన్ షాపులో పచ్చి అరటికాయలు కొని, ముక్కలు కోసి తలా ఒకటి పెట్టాను. "నమలండి. ఇది చేదా?" అన్నాను. ఒక్కొక్కళ్ల ముఖం చూడాలి! "దీన్ని మేం వగరు అంటాం," అన్నాను. మర్నాటి నుంచి మా కాగితాల మీద ఆ గడి కూడా వచ్చింది. వాళ్లు 'వగారూ' అని సాగదీసేవాళ్లు, పోనీలే అనుకున్నాను.

ఆ రోజు అందరికంటే ముందు అర్థం చేసుకున్నవాడు లూయిస్. సీసాలు పెట్టెల్లో సర్దే విభాగంలో పనిచేసేవాడు. ముక్కు బాగుంటే ఏ విభాగం వాళ్లయినా రుచి గదిలో కూర్చోవచ్చని మా దగ్గర పద్ధతి. అరటికాయ నోట్లో పెట్టుకుని, "మా ఊళ్లో పండని జామకాయ ఇలాగే ఉంటుంది. చిన్నప్పుడు ఉప్పు అద్దుకుని తినేవాళ్లం," అన్నాడు. "మేమూ అంతే," అన్నాను. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. పెట్టెలు మోసి మోసి నడుం పట్టేసింది. ల్యాబ్‌లోకి మారాలని కోరిక. అందుకు రుచి గదిలో మంచి పేరు కావాలి. అప్పటికి ఆ గదికి పెద్ద నేను.

గరాజ్‌లో యాభై సీసాలు

నల్ల బీరు కూర్చోబెడితే మెత్తబడుతుంది అని డేల్ ఎప్పుడూ అనేవాడు. ఎంత కాలానికి, ఏది ముందు మెత్తబడుతుంది అంటే చెప్పలేకపోయేవాడు. మా ఫ్యాక్టరీలో బీరు తయారైన కొన్ని వారాలకే వెళ్లిపోతుంది, ముసలిది అయ్యేదాకా చూసే అవకాశం ఎవరికీ ఉండదు. రిటైర్ కావడానికి ఏడాదిన్నర ఉందనగా నాకు ఆ కుతూహలం పట్టుకుంది. ఇంట్లోనే ఒక స్టౌట్, అంటే చిక్కటి నల్ల బీరు, కాచాను. యాభై సీసాలు వచ్చాయి. ఒక్కో సీసాలో చిటికెడు చక్కెర వేసి మూత బిగిస్తే, మిగిలిన ఈస్ట్ దాన్ని తిని గ్యాస్ పుట్టిస్తుంది. సీసాలను గరాజ్‌లో చల్లటి మూల పెట్టి, పక్షానికో ఆదివారం ఒకటి తెరిచి నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాను. మురళికి కూడా ఒక గుక్క. ఆయన దాన్ని మందులా కళ్లు మూసుకుని తాగేవారు.

మొదటి సీసా ఘోరం. మాడిన కాఫీ గింజలు, పచ్చి ఆపిల్ వాసన, వగరు. రెండో నెలకి ఆపిల్ పోయింది, బెల్లం పాకం పైకి వచ్చింది. మూడో నెలలో కాఫీ కాస్త తగ్గి చాక్లెట్‌లాగా అయింది. ఎంత బాగుందో! ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని. ఒక చెట్టు కాయ పండవడాన్ని లోపల కూర్చుని చూస్తున్నట్టుండేది.

నాలుగో నెలలో ఒక పెద్ద జలుబు చేసి తగ్గింది. ఆ తర్వాత నుంచి బీరు చాలా త్వరగా మెత్తబడసాగింది. అయిదో నెలలో కాఫీ వాసన దాదాపు లేదు. ఆరో నెలలో పాకం కూడా లేదు. "అద్భుతం, అన్నీ కలిసిపోయాయి," అని రాసుకున్నాను.

"నాకు మాత్రం పోయినసారి లాగే ఉంది పద్దూ," అన్నారు మురళి. "అదే మాడు. పైగా ఇప్పుడేదో పాత అట్టపెట్టె వాసన కూడా కొడుతోంది. గరాజ్‌లో పెట్టావుగా, అక్కడి డబ్బాల వాసన పట్టిందేమో."

"మూత బిగించిన సీసాకి బయటి వాసన ఎలా పడుతుందండీ? మీరు కోడ్ రాసుకోండి, ముక్కు సంగతి నాకు వదిలేయండి."

ఆయన భుజాలు ఎగరేసి టీవీ ముందుకి వెళ్లిపోయారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీలో లూయిస్ ఒకదాని తర్వాత ఒకటి బ్యాచ్‌లను తప్పుపట్టసాగాడు. "తడిసిన అట్ట" అని రాసేవాడు. గాలి తగిలి పాతబడిన బీరుకి వచ్చే వాసన అది. నాకు ఎక్కడా తగల్లేదు. మిగతావాళ్లు అటూ ఇటూ ఊగేవారు. నేను లేదంటే లేదని కొట్టేసేవారు. అన్నేళ్ల పేరు నాది మరి. గదికి పెద్దగా ఉన్నవాళ్ల పేరు కూడా ఒక వాసనే, మిగతావాళ్ల ముక్కుల్ని మూసేస్తుంది. నాలుగు సార్లు చూసి, అయిదోసారి లూయిస్‌ని పిలిచాను.

"నువ్వు లేని దోషాలు ఊహించుకుంటున్నావు. ల్యాబ్ ఉద్యోగం మీద ఆశతో అతిగా వెతుకుతున్నావు," అన్నాను.

అతను గొడవపడలేదు. "నిజంగా ఏమీ లేదా?" అని ఒక్కసారి అడిగాడు.

"ఏమీ లేదు."

అతన్ని రుచి గదిలోంచి తీసేశాను. ల్యాబ్‌కి పనికిరాడని డేల్‌కి చెప్పాను. చాలా న్యాయంగా చేశాననుకున్నాను, ఇంటికి వచ్చి నిశ్చింతగా భోంచేశాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో తల వాలిపోతుంది.

మూడుసార్లూ ఒకటే

ఎనిమిదో నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, డేల్‌కి చూపిద్దామని నోట్‌బుక్‌ని మొదటి పేజీ నుంచి చదువుకుంటూ వచ్చాను. పదో పేజీ దగ్గర ఏదో అడ్డం పడింది. వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను.

ప్రతి పేజీలోనూ 'వగరు, గట్టిగా' అని ఉంది. మొదటి నెలా అదే, ఎనిమిదో నెలా అదే. వాసనల మాటలు మాత్రం ఒక్కొక్కటే రాలిపోయాయి. ఇది తలకిందుల వ్యవహారం. బీరు నిజంగా మెత్తబడితే వగరు కూడా మెల్లగా దిగాలి. వాసనలు మాయం కావు, మారతాయి, ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది. నా పుస్తకంలో నాలుగో నెల తర్వాత కొత్త వాసన ఒక్కటీ రాలేదు. వగరు ముక్కుకి సంబంధించింది కాదు, నోటిది. నోరు చెప్పేది పేజీ పేజీకీ నిలిచి ఉంది. ముక్కు చెప్పేది పోయింది.

మెత్తబడింది బీరు కాదు.

మురళిని పిలిచాను. "నేను కళ్లు మూసుకుంటాను. పోపుల డబ్బాలోంచో, అలమారాలోంచో మూడు వస్తువులు తీసి ఒక్కోటీ నా ముక్కు దగ్గర పెట్టండి. ఏవో నేను చెబుతాను."

"ఏమైందే?"

"ముందు పెట్టండి."

మొదటిదానికి చాలాసేపు పీల్చి "జీలకర్ర" అన్నాను. రెండోది "ధనియాలు". మూడోది తెలియలేదు, "పసుపేమో" అన్నాను. కళ్లు తెరిచాను. ఆయన చేతిలో కాఫీ పొడి సీసా ఒక్కటే ఉంది.

"మూడుసార్లూ ఇదే పెట్టాను పద్దూ," అన్నారు. "మొదటిసారే నువ్వు తప్పు చెప్పావు. ఇంకోసారి, ఇంకోసారి అని..."

ఆయన సీసా మూత బిగిస్తూ, "ఈమధ్య తాలింపు మాడుస్తున్నావు. వయసు కదా, అంటే బాధపడతావని ఊరుకున్నాను," అన్నారు.

ఉప్పూ పులుపూ కారమూ అన్నీ తెలుస్తూనే ఉన్నాయి కాబట్టి నాకు అనుమానం రాలేదు. నాలుకకి తెలిసేవి అవే. మిగిలినదంతా ముక్కు పనే అని గదిలో కొత్తవాళ్లకి పాఠం చెప్పినదాన్ని, నా దగ్గరికి వచ్చేసరికి గుర్తించలేకపోయాను. తర్వాత డాక్టర్ దగ్గరికీ వెళ్లాం. జలుబు వల్ల కావచ్చు, వయసు వల్ల కావచ్చు, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. ఇంతవరకైతే రాలేదు.

ఆ సాయంత్రం నన్ను కుదిపేసింది ముక్కు పోవడం కాదు. అది నా నష్టం, నేను పడతాను. "నిజంగా ఏమీ లేదా?" అని లూయిస్ అడిగిన ప్రశ్న ఒక్కటే చెవిలో మోగుతూ కూర్చుంది.

డేల్ చెప్పిన సలహా

సోమవారం వెళ్లి డేల్‌కి మొత్తం చెప్పాను. అన్నేళ్లలో మొదటిసారి అతను కసరలేదు. తలుపు వేసి వచ్చి, నెమ్మదిగా, "నీకు ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి. రేపటి నుంచి గ్లాసు ముట్టుకోకు, ఆఫీసు పని చూసుకో. ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇంత మంచి పేరు ఇలా ఎందుకు ముగించుకుంటావు?" అన్నాడు.

ప్రేమతోనే అన్నాడు. ఒక్క నిమిషం నాకూ ఆశ పుట్టింది, దాచను. రిటైర్ అయ్యే రోజు కేకు, నాలుగు మంచి మాటలు, అన్నీ కళ్ల ముందు కదిలాయి.

"మరి లూయిస్?" అన్నాను.

"ఇంకో ఏడాది చూద్దాం."

"డేల్, అతను గ్లాసులో ఏముందో రాశాడు. నేను లేదన్నాను. నేను ఈ మాట బయటికి చెప్పకపోతే, అతను అబద్ధాలకోరుగానే మిగిలిపోతాడు."

డేల్ ఒప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నమే, జలుబు తర్వాత నేను సరేనన్న బ్యాచ్‌ల నుంచి నమూనాగా దాచిపెట్టిన సీసాలన్నీ తీయించాం. నేను లేకుండా మిగతావాళ్లు చూశారు. లూయిస్ తప్పుపట్టిన అయిదింటిలో నాలుగు నిజంగానే పాతబడ్డాయి. సీసాలు నింపే మిషన్‌లో ఒక చోట గాలి చొరబడుతోందని తర్వాత తేలింది. అతని మాట విని ఉంటే నెలల ముందే దొరికేది. రుచి గదిలో అందరి ముందూ నిలబడి ఆ సంగతి నేనే చెప్పాను.

తాగడానికీ రుచి చూడటానికీ ఇంకో తేడా ఉందన్నాను కదా. తాగేవాడు తన నోటిని నమ్మితే చాలు. రుచి చూసేవాళ్లు తమ నోటిని కూడా ఎప్పటికప్పుడు పరీక్షకి పెట్టాలి. మా గదిలో కొత్తవాళ్లకి ఆరు నెలలకోసారి పరీక్ష ఉండేది. గదికి పెద్దని కాబట్టి నాకు నేనే మినహాయింపు ఇచ్చుకున్నాను. ఎవరూ అడగలేదు. నిత్యా, నీ పెద్దవాళ్లని అడుగు.

లూయిస్ దగ్గరికి

మర్నాడు ఇంట్లోంచి ఒక సీసా, రెండు గ్లాసులు పట్టుకుని సీసాల విభాగానికి వెళ్లాను. లూయిస్ భోజనం ముగించి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. సంగతి అప్పటికే తెలుసు. లేచి నిలబడలేదు.

"నన్ను క్షమించు. నీది సరైన మాట, నాది తప్పు," అన్నాను.

"తప్పు అందరూ చేస్తారు," అన్నాడు లూయిస్. "నువ్వు లేదన్నావు కదా, నేను నమ్మాను. నా ముక్కే చెడిపోయిందనుకున్నాను. ఇంట్లో నా భార్య ఏం వండినా వాసన చూసి, ఇది నిజంగా ఉందా, నేను ఊహించుకుంటున్నానా అనుకునేవాణ్ని. రెండు నెలలు."

రుచి గదిలోంచి తీసేయడం కంటే పెద్ద పని చేశాను. మనిషికి తన ముక్కు మీద నమ్మకం పోగొట్టాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

అతను ఒక పేపర్ నాప్‌కిన్ నా ముందుకి తోసి, "సీసాలో ఏముంది?" అన్నాడు.

"నేను ఇంట్లో కాచిన స్టౌట్. ఎనిమిది నెలలది. చాలా బాగా వచ్చిందని రాసుకున్నాను. నిజంగా ఎలా ఉందో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉంది."

మూత తీసి రెండు గ్లాసుల్లో పోశాడు. నేనూ గ్లాసు ఎత్తాను. చల్లదనం తెలిసింది, నురగ పెదవికి తగిలింది. అంతే. లూయిస్ గ్లాసు మీద అరచెయ్యి మూసి, తిప్పి, తీసి, వాసన చూశాడు. మళ్లీ చూశాడు. ఒక గుక్క మింగాడు. నేను నోట్‌బుక్ తెరిచి పెన్ను పట్టుకున్నాను.

"మొహమాటపడకు, ఏముంటే అది చెప్పు," అన్నాను.

"కాఫీ ఉంది, బాగా ఉంది. అడుగున ఎండు అంజీర్. చాలా మంచి బీరు అయ్యుండేది." నా ముఖంలోకి చూశాడు. "తడిసిన అట్ట, పద్మజా. ఒకటి రెండు నెలలుగా ఉండి ఉండాలి."

"ఇంకోసారి చూస్తావా?"

"అక్కర్లేదు," అన్నాడు లూయిస్. "ఉంది."

అతను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.